తలకొక ఓమెరు

పెళ్లయిన కొత్తలో మేమిద్దరమే. ఇప్పుడు ఐదుగురం, ఇంకో నాలుగు నెలల్లో మరొకరు రాబోతున్నారు. సంపాదించే చేతులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కరివే. నెల మొదట్లో సరుకుల లిస్టు ముందు పెట్టుకుని, ఏది కొట్టేయాలో తెలియక పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయిన రాత్రులు చాలానే ఉన్నాయి. పిల్లలు పడుకున్నాక లెక్క వేయడం, కొట్టేయడం, మళ్లీ వేయడం. చివర్లో కళ్లు మూసుకుని "ప్రభువా, ఇంతమందికి ఈ డబ్బు ఎలా సరిపోతుంది?" అని అడగడం. దాన్ని ప్రార్థన అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే అది సణుగుడే.

బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయం కూడా సణుగుడుతోనే మొదలవుతుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయలుదేరిన తర్వాత రెండో నెల 15వ రోజు అని రాసి ఉంది. అంటే ప్రయాణం మొదలై అప్పటికి నెల. వాళ్లకీ నెలాఖరు కష్టమే అనుకుని నేను నవ్వుకుంటూ ఉంటాను. మాంసం వండుకునే కుండల దగ్గర కూర్చుని తృప్తిగా తిన్న రోజులు గుర్తు చేసుకుని, తమను నడిపిస్తున్న మోషే మీద, అతని అన్న అహరోను మీద సణుగుతారు. దేవుడు కోప్పడి ఊరుకోలేదు, ఆకాశం నుంచి ఆహారం కురిపిస్తానన్నాడు. అదే మన్నా.

ఒకరోజు కుటుంబ ప్రార్థనలో మా పెద్దమ్మాయి ఈ అధ్యాయం చదువుతోంది. 16వ వచనం దగ్గర ఆగి, "అమ్మా, ఓమెరు అంటే ఏంటి?" అంది.

"కొలత. మన కొలత గిన్నె ఉంది కదా, అలాంటిది."

"అయితే ఒక్కొక్కరికి ఒక గిన్నెడు. మనకైతే ఐదు గిన్నెలు" అని వేళ్లు మడిచి లెక్కపెట్టి, మళ్లీ చదవడం మొదలుపెట్టింది.

నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎందుకో కాసేపటి తర్వాత చెబుతాను.

మన్నా అనగానే మనకు గుర్తొచ్చేది అద్భుతం. పొద్దున్నే మంచు ఆరిపోగానే నేల మీద సన్నని పలుకులు, ధనియాల గింజల్లా తెల్లగా. సండే స్కూల్లో బొమ్మలు వేసింది కూడా దాని గురించే. కొలత ఎవరికీ గుర్తుండదు. కానీ ఆ అధ్యాయంలో అద్భుతంతో పాటు లెక్క కూడా సాగుతూనే ఉంటుంది. తలకు ఒక్కొక్క ఓమెరు. ఎవరి గుడారంలో ఎంతమంది ఉంటే అంతమందికి. ఆరో రోజు రెండేసి ఓమెరులు. అది చాలదన్నట్టు చివరి వచనంలో ఓమెరు అంటే ఏఫా అనే పెద్ద కొలతలో పదో వంతు అని కూడా చెప్పి ముగించారు. ఇప్పటి కొలతల్లో సుమారు 2 లీటర్లు అనుకోవచ్చు. ఆకాశాన్ని తెరిచి ఆహారం కురిపించినవాడు కొలపాత్రను పక్కన పెట్టమనలేదు.

ఇది నాకు చాలా పెద్ద ఓదార్పు. కొలిచి వండడం, రాసి కొనడం చేస్తే విశ్వాసం తక్కువైనట్టని నాలో ఎక్కడో ఒక భావన ఉండేది. "దేవుడే చూసుకుంటాడులే" అని బుట్ట నింపేసుకుని నెల చివర్లో అప్పు అడిగిన సందర్భాలూ ఉన్నాయి. దాన్ని విశ్వాసం అనడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వారం నుంచి కొలవడం మొదలుపెట్టాను. కొత్త పద్ధతులేవీ కాదు. ఒక గిన్నె, ఒక నోటుబుక్కు. ఏ పూట ఏది ఎంత వండాను, ఎంత మిగిలింది, ఏది చెత్తలోకి పోయింది, అంతే. రెండు వారాలకే తెలిసిపోయింది. నేను ఏ నూనె దగ్గర, ఏ పిండి దగ్గర పిసినారితనం చూపిస్తున్నానో అక్కడ ఖర్చు పెద్దగా లేదు. ఫ్రిజ్ అడుగున మెత్తబడిపోయిన కూరగాయల్లో ఉంది. అలసిపోయిన సాయంత్రాల్లో వండే ఓపిక లేక కొన్న ప్యాకెట్లలో ఉంది. ఒకే రకం సరుకు ఇంట్లో ఉందని చూసుకోకుండా రెండోసారి తెచ్చినదాంట్లో ఉంది. ఇప్పుడు లిస్టు రాయడానికి ముందు డబ్బాలన్నీ తెరిచి చూస్తాను. పాతది ముందుకు, కొత్తది వెనక్కి సర్దుతాను. ప్యాకెట్ ధర చూడను, కిలోకి ఎంత పడుతుందో చూస్తాను. ప్యాకెట్ అదే సైజులో కనిపిస్తూ లోపల బరువు తగ్గిపోవడం ఈ మధ్య మామూలైపోయింది.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమందికి పెట్టిన తర్వాత యేసు ప్రభువు శిష్యులతో అన్న మాట యోహాను 6:12లో ఉంది. ఏమియు నష్టపడకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు. అంతమందికి అప్పటికప్పుడు రొట్టె పుట్టించగలవాడికి ముక్కలతో పనేముంది? అయినా ఏరించాడు, పన్నెండు గంపలు నిండాయి. మా ఇంట్లో మిగిలినవి దాచే డబ్బాకు పిల్లలు "పదమూడో గంప" అని పేరు పెట్టారు. వారానికి ఒక పూట ఆ గంపలోంచే భోజనం. అందరికీ నచ్చుతుందని చెప్పను.

ఇక పురుగు సంగతి. మన్నాను పొద్దుటిదాకా దాచుకోవద్దని మోషే చెప్పినా కొందరు దాచుకున్నారు. అది పురుగుపట్టి కంపు కొట్టింది. ఇది చదివినప్పుడల్లా మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన గుర్తొస్తుంది. ఒకచోట ఆఫర్ పెట్టారని, మళ్లీ ఈ ధరకు దొరకదని టెన్షన్ పడి, ఒక పెద్ద బస్తా పిండి తెచ్చాను. ఆ నెల పాల డబ్బులు, పండ్ల డబ్బులు దానికే పోయాయి. మూత గట్టిగా లేని డ్రమ్ములో పోశాను. సగం కూడా అవకముందే పురుగు పట్టింది. జల్లెడ పట్టి కొంత కాపాడుకున్నాను, మిగతాది పారేశాను. ఆ రోజు మావారు ఏమీ అనలేదు. "నిర్గమకాండం పదహారు" అన్నారు, అంతే. దానికంటే తిట్టినా బాగుండేది.

అయితే అదే అధ్యాయంలో ఇంకొకటి ఉంది. ఆరో రోజు రెండింతలు కూర్చుకుని, ఏడో రోజైన విశ్రాంతి దినానికి దాచుకుంటే, అదే మన్నా పాడవలేదు. పురుగు పట్టలేదు, కంపు కొట్టలేదు. దాచడమే తప్పైతే రెండుసార్లూ పాడవ్వాలి కదా. మొదటిసారి రేపు దొరుకుతుందో లేదో అన్న భయంతో దాచారు. రెండోసారి చెప్పిన మాట ప్రకారం, తెలిసిన అవసరానికి దాచారు. నేను నిల్వ పెట్టే ప్రతిదాన్నీ ఈ ప్రశ్నతో చూడడం అలవాటు చేసుకుంటున్నాను. ఇది భయంతో కొంటున్నానా, తెలిసిన అవసరానికి కొంటున్నానా? కాన్పు తర్వాత నెలరోజులు నేను పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేను. దానికోసం ఇప్పటినుంచే నెలకు కొంచెం పక్కన పెట్టడం ఆరో రోజు పని. "ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుంది" అని ఫోన్ మోగగానే పరుగెత్తడం ఐగుప్తు భయం.

ఐగుప్తు అంటే సంఖ్యాకాండం 11వ అధ్యాయం చెప్పాలి. అప్పటికి మన్నా తిని తిని విసుగొచ్చింది. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొస్తున్నాయని ఏడుస్తారు. ఉచితంగానట! ఇటుకలు చేస్తూ, కొరడా దెబ్బలు తింటూ బతికినవాళ్లు, కన్న మగబిడ్డల్ని నదిలో పారేయమన్న ఆజ్ఞ కింద బతికినవాళ్లు ఉచితం అంటున్నారు. ఇప్పుడు కొనుక్కోండి, తర్వాత కట్టండి అనేవాటిని చూసినప్పుడు నాకు ఆ ఉల్లిపాయలే గుర్తొస్తాయి. ఒకసారి సరుకులు కూడా అలా వాయిదాల మీద తెచ్చాను. తిన్నది ఎప్పుడో అయిపోయింది, కట్టడం మాత్రం రెండు నెలలు సాగింది.

కానీ పిల్లల మీద నాకు కోపం రాదు. "మళ్లీ ఇదేనా?" అని మా రెండోవాడు కంచం ముందు ముఖం పెడితే, ఇశ్రాయేలీయుల వంశమేరా నువ్వు అంటాను. విసుగు మనిషికి సహజం. అదే అధ్యాయం 8వ వచనంలో మన్నాను ఏం చేసుకునేవారో రాసి ఉంది. తిరగలిలో విసిరారు, రోట్లో దంచారు, పెనం మీద వండారు, రొట్టెలు చేశారు. ఒకే సరుకు, ఇన్ని రకాలు. ఆ రోజుల్లో ఎవరో ఒక తల్లి మా రెండోవాడిలాంటి వాడి కోసమే ఇవన్నీ కనిపెట్టి ఉంటుందని నా నమ్మకం. లేఖనంలో ఆమె పేరు లేదు గానీ ఆమె తిరగలి ఉంది.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. అమ్మాయి "మనకైతే ఐదు గిన్నెలు" అన్నప్పుడు నేనెందుకు ఆగిపోయానంటే, నా మనసులో ఉన్న లెక్క నాలుగు.

ఇంట్లో డబ్బు సరిపోకపోతే నేను చేసే మొదటి పొదుపు నా కంచంలోనే. పాలు పిల్లలకు సరిపోతే చాలు. పండు ముక్కలు కోస్తే నాకు తొక్కల దగ్గర మిగిలింది. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉంటే సరే, లేకపోతే "ఆకలిగా లేదు". దీన్ని త్యాగం అనుకున్నాను. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఒకసారి చెప్పుకున్నాను. గర్భంతో ఉండి కూడా అదే చేస్తుంటే డాక్టరమ్మ రక్తం తక్కువగా ఉందని గట్టిగా మందలించింది. మావారు ఆ రిపోర్టు చూసి, "ఏమండీ అని పిలిచి డబ్బుల లెక్క ప్రతిదీ చెబుతావు, ఇది మాత్రం ఎందుకు చెప్పలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తలకు ఒక ఓమెరు అన్నప్పుడు తల్లి తలను మినహాయించలేదు. వండేవాళ్లకు సగం చాలని రాయలేదు. కరువు రోజుల్లో సారెపతు అనే ఊళ్లోని విధవరాలి సంగతి చూడండి, 1 రాజులు 17. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ఆమె దగ్గరికి వచ్చిన ప్రవక్త ఏలీయా మొదట తనకు ఒక చిన్న అప్పం చేయమన్నాడు, నిజమే, వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత ఏమన్నాడు? నీకూ, నీ బిడ్డకూ చేసుకోమన్నాడు. బిడ్డకు పెట్టి నువ్వు చూస్తూ కూర్చోమనలేదు. 15వ వచనంలో ఆమె, ఏలీయా, ఆమె ఇంటివారు అనేక దినాలు తిన్నారని ఉంది. ఆ వరుసలో ఆమె ఉంది. ఈ వచనం నేను ఎన్నిసార్లు చదివానో, ఆమె తిన్నదని ఎప్పుడూ గమనించలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని రోజూ చెప్పేదాన్ని. 'మా'లో నేను లేకుండా.

లిస్టు ఇప్పుడు వేరేగా రాస్తున్నాను. పోయిన ఏడాది ఎంతైందో చూసి దాన్ని ఇంకొంతమందికి పంచడం మానేశాను. పైన మనుషుల సంఖ్య రాసుకుని, ఒక్కొక్కరికి వారానికి ఏది ఎంతో వేసుకుని, అప్పుడు డబ్బు దగ్గరికి వస్తాను. సరిపోకపోతే రకాలు తగ్గిస్తాను, ఖరీదైనదాని బదులు చవకైనది పెడతాను, ఎవరి కొలతా తగ్గించను. కొన్ని నెలలు అలా కూడా సరిపోదు. అప్పుడు అడగాలి. మొదట దేవుణ్ని, తర్వాత అవసరమైతే మనుషుల్ని. ఎక్కువ కూర్చుకున్నవాడికి ఎక్కువ మిగలలేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు అని మన్నా గురించి ఉన్న మాటను అపొస్తలుడు పౌలు 2 కొరింథీయులకు 8:15లో తిరిగి ఎత్తుకున్నది పరిశుద్ధులకు, అంటే తోటి విశ్వాసులకు, సహాయం పంపే సందర్భంలోనే. ఒకసారి మా సంఘంలో ఒక అక్క నెలాఖరులో గడప దగ్గర ఒక సంచి పెట్టి వెళ్లింది. తీసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మన్నా ఏరుకోవడానికి కూడా వంగాలి కదా అని మావారు అంటే, వెళ్లి తెచ్చుకున్నాను.

నిన్న రాత్రి వచ్చే నెల లిస్టుకు కూర్చున్నాను. పుట్టబోయే బిడ్డ ఆరు నెలలదాకా గిన్నెడు ఏమీ తినదు. కానీ దాని వంతు నేను తినాలి. పక్కన కూర్చున్న పెద్దమ్మాయి నా చేతిలోంచి పెన్ను తీసుకుని, పైన రాసిన 5 కొట్టేసి 6 అని వేసింది.