నోరు మూసుకుని ఉంటే ఆస్కార్ వచ్చేదట

నిద్ర పట్టక కాసేపు చూసి ఆపేద్దామని పెట్టిన సినిమా, ఒంటె మాట్లాడేసరికి ఇక ఆపలేకపోయాను. పేరు 'రోడ్ టు మొరాకో'. 1942లో హాలీవుడ్ స్టూడియో పారామౌంట్ తీసిన నలుపు తెలుపు సినిమా. గాయకుడు బింగ్ క్రాస్బీ, కమెడియన్ బాబ్ హోప్ ఇందులో ప్రాణస్నేహితులు. అంటే, చేతిలో డబ్బుల్లేవని క్రాస్బీ హోప్‌ని బానిసగా అమ్మేసేంత స్నేహం! కొన్నది రాకుమారి (నటి డొరొతీ లామూర్) అని తెలిశాక, అమ్మినవాడే అసూయతో ఉడికిపోతాడు. అమ్ముడుపోయినవాడేమో ఆ రాజభోగాలు ఎందుకో తెలిసేదాకా ఒళ్లు మరిచిపోయి ఉంటాడు. ఆమె మొదటి భర్త వారం తిరక్కుండా పోతాడని జ్యోతిష్కుడు చెప్పాడు మరి.

నాకు బాగా నచ్చిందేమిటంటే, వీళ్లు ఇది సినిమా అన్న సంగతిని ఒక్క నిమిషం కూడా దాచరు. ఒకే ఒంటె మీద ఊగుతూ పాడే మొదటి పాటలోనే దారిలో డొరొతీ లామూర్ ఎదురవుతుందని పందెం కాస్తారు, పారామౌంట్‌తో ఇంకా ఐదేళ్ల కాంట్రాక్టుంది కాబట్టి మనకేం కాదులే అని ధైర్యం చెప్పుకుంటారు. అదే పాటలో తమను వెబ్‌స్టర్ డిక్షనరీతో పోల్చుకుంటారు, ఎందుకంటే మొరాకో అంటే దేశమే కాదు, పుస్తకాలకు బైండింగ్ వేసే మేకతోలు కూడా; 'మొరాకో బౌండ్' అంటే మొరాకోకి బయల్దేరినవాళ్లనీ, ఆ తోలుతో బైండు చేసిందనీ రెండర్థాలు. మధ్యలో హోప్ కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతాడు. ఇదంతా నాకు తెలుసు కదా అంటాడు క్రాస్బీ. నీకు తెలుసు, సినిమాకి ఆలస్యంగా వచ్చినవాళ్లకి తెలియదుగా అంటాడు హోప్. అయితే వాళ్లు నా పాట మిస్సయ్యారా అని క్రాస్బీ బాధ! ఒంటె నిజంగానే హోప్ మొహాన ఉమ్మితే ఆ షాట్‌ని కూడా దర్శకుడు డేవిడ్ బట్లర్ తీసెయ్యకుండా సినిమాలో ఉంచేశాడు.

ఎడారిలో ముగ్గురూ పాడే పాట ఇంకో ముచ్చట. ఒకరి పెదాలు కదిలితే ఇంకొకరి గొంతు వినిపిస్తుంది. హోప్ నోట్లోంచి క్రాస్బీ గొంతు తేనెలా జారుతుంటే హోప్ మొహం చూడాలి. అంత గొప్ప గాయకుడు తన గొంతుతోనే ఆటలాడుకోనివ్వడం మామూలు విషయం కాదు, ఈ రోజుల్లో ఏ స్టార్ ఒప్పుకుంటాడో నాకైతే అనుమానమే.

అన్నీ నచ్చాయని కాదు. అరబ్బుల్ని చూపించిన తీరు ఇబ్బందిగానే ఉంది, ఆంథొనీ క్విన్ అంతటి నటుడికి కళ్లెర్రజేయడం తప్ప పెద్ద పనిలేదు.

చివర్లో తెప్ప మీద, తిండీ నీళ్లూ లేక పిచ్చెక్కినట్టు హోప్ జుట్టు పీక్కుంటూ తెగ నటించేస్తుంటాడు. ఎందుకురా ఈ గోల, న్యూయార్క్ వచ్చేసిందిగా అన్నట్టు క్రాస్బీ మధ్యలో తుంచేస్తాడు. హోప్‌కి ఒళ్లు మండిపోతుంది, సినిమాలో నాకున్న ఒకే ఒక్క మంచి సీను పాడుచేశావు, లేకపోతే ఆస్కార్ కొట్టేవాణ్ణి అని. ఇది 1942. 1944లో వచ్చిన 'గోయింగ్ మై వే'కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది, క్రాస్బీకి.