కేదార్‌కంఠ దిగిన రోజు: నా అనుభవం

కాళ్ల నొప్పులు తగ్గకముందే రాసేస్తున్నాను. తగ్గితే ఈ కోపం ఉండదు.

మార్చి చివర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్‌కి వెళ్లొచ్చాను. దాదాపు 12,500 అడుగులు. డాక్టర్ సర్టిఫికెట్, డెహ్రాడూన్ ఫ్లైట్, అక్కడి నుంచి ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊరికి రోజంతా జీపు, అన్నీ సాఫీగానే అయిపోయాయి. ఎక్కడమూ అంతే. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కీ దిగీ, ఆదివారాలు అక్కడికి దగ్గరి సావనదుర్గ కొండకి పోయీ దమ్ము బాగానే పెంచుకున్నాను. మా గ్రూపులో ముందుగా పైకి చేరినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇది చెప్పకుండా ఉండలేను.

అసలు కథంతా దిగేటప్పుడే. మార్చి చివర్లో రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున దాకా గట్టిగా ఉంటుంది, బూట్లకి స్పైక్స్ (జారకుండా మేకుల పట్టీలు) వేసుకుని హాయిగా నడవొచ్చు. ఎండెక్కితే మెత్తబడి కాలు తొడ దాకా దిగిపోతుంది. అందుకే రాత్రి రెండు మూడింటికే బయలుదేరతారు. మాకేమో ఒక రీల్స్ బ్యాచ్ తగిలింది. వాళ్లు టెంట్లలోంచి బయటికొచ్చేసరికి ఐదు. పైన మళ్లీ గంటసేపు వీడియోలు. మమ్మల్ని ముందు పంపించమంటే లీడరు "అందరూ కలిసే దిగాలి మేడమ్" అన్నాడు. నలుగురి లైకుల కోసం మిగతావాళ్ల కాళ్లు విరగాలా?

చెట్ల మొదళ్ల దగ్గర, బండల పక్కన మంచు కింద డొల్లగా ఉంటుంది. అలాంటి చోటే నా ఎడమ కాలు దిగబడింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. గైడ్ కుర్రాడు చేతులతో తవ్వుతుంటే తడి సాక్సుతో ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆ బ్యాచ్ దాన్నీ వీడియో తీసింది.

అడవిలోకి దిగాక మంచు పోయి బురద మొదలైంది. కరిగిన నీళ్లన్నీ దారిలోకే వస్తాయి, దాన్ని సామాను మోసే కంచర గాడిదలు తొక్కి తొక్కి పిసికేస్తాయి. చుట్టూ ఎర్రగా బురాన్ష్ (రోడోడెండ్రాన్) పూలు విరగబూశాయట, నేను నేల తప్ప ఏమీ చూడలేదు. ఒకచోట చేతులు కూడా ఆనించి దిగుతుంటే ఎదురొచ్చిన పెద్దాయన, మాటతీరు చూస్తే గుంటూరు వైపు, "ఏమ్మా, నాట్లేస్తున్నావా?" అన్నారు. ఆయన చేతుల్లో రెండు కర్రలు. నాకు ఒకటి చాలని బెంగళూరులో మా ట్రెక్ ఆఫీసువాళ్లు చెప్పి పంపారు.

మీరు కర్రలు రెండు తీసుకోండి. గైటర్లు (బూట్లలోకి మంచు, బురద పోకుండా పిక్కలకి కట్టే తొడుగులు) ఉదయమే కట్టుకోండి, జీన్స్ అస్సలు వద్దు. మెత్తటి మంచులో ముందు మడమ గుచ్చి దిగండి. సావనదుర్గ ఎండు బండ, అది బురద నేర్పదు. బురద అలవాటు కావాలంటే, వానలు తగ్గి అటవీ శాఖ దారి తెరవగానే కర్ణాటకలోని కుమార పర్వతం వెళ్లిరండి, జలగలు ఫ్రీ.

సాంక్రిలో గైటర్లు అద్దెకిచ్చినవాడు డిపాజిట్‌లో సగం పట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, బురద అంటిందట.