మూడో రౌండ్‌కే గెలిపించేశాను

2018లో నేను ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌ని. జీతం ఉండదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తలు కత్తిరించి, కాగితాల మీద అంటించి, లైన్లు లెక్కపెట్టి నెలాఖరున పంపిస్తే ఎప్పటికో డబ్బులొచ్చేవి. సెప్టెంబరు 6న తెలంగాణ అసెంబ్లీ రద్దయినప్పటి నుంచి మూడు నెలలు బైక్ మీదే బతికాను. కౌంటింగ్ మాత్రం నా పని కాదు, అది నియోజకవర్గ రిపోర్టర్‌ది. ఆయనకు డెంగీ వచ్చి పాసు జాబితాలో నా పేరు చేరింది. రెండు ఫొటోలు, ఆఫీసు లెటర్ పట్టుకొని డీపీఆర్‌ఓ (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసుకు మూడుసార్లు తిరిగాక, కౌంటింగ్‌కు ముందురోజు సాయంత్రం ఎన్నికల సంఘం పాసు చేతికొచ్చింది. రాత్రి నిద్రలో కూడా రెండుసార్లు లేచి జేబు తడుముకున్నాను.

డిసెంబరు 11, పొద్దున ఆరున్నరకే కేంద్రం దగ్గరున్నాను. బండి బయటే ఆపేశారు. లోపల మీడియాకు ఒక గది, ఒక టీవీ, ముప్పై కుర్చీలు, యాభై మందిమి. ఫోన్ ఆ గది దాటకూడదు. హాల్లోకి నలుగురైదుగురిని చొప్పున తీసుకెళ్లి, ఐదు నిమిషాలు చూపించి బయటికి పంపేవాళ్లు. వెళ్లినా కనిపించేది జాలీ అవతల ఈవీఎంల మీద వంగిన తలలే. అంకెలు రౌండ్‌కోసారి మైకులో చదివేవాళ్లు.

ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు, ఎనిమిదిన్నరకు ఈవీఎంలు. మొదటి రౌండ్‌లో ఒకాయనకు పద్నాలుగు వందల లీడ్. రెండో రౌండ్‌కు మూడు వేలు దాటింది. మూడో రౌండ్‌కు నాలుగున్నర వేలు! డెస్క్ నుంచి నిమిషానికో ఫోన్. "ఏంటి పరిస్థితి?" అంటే, "ఇక అయిపోయినట్టే సార్, గెలుపు ఖాయం" అన్నాను. రెండు నిమిషాల్లో వెబ్‌సైట్లో నా నియోజకవర్గం పేరుతో 'విజయం దిశగా' అని ఎక్కించారు. నాకు ఛాతీ ఉబ్బింది.

పక్కన వేరే పత్రిక సీనియర్ ఒకాయన ఉన్నారు, నాలుగైదు ఎన్నికలు చూసిన మనిషి. డబ్బాలోంచి పులిహోర తింటూ అడిగారు.

"ఇప్పటిదాంక ఏ ఊర్లు అయినయి తమ్మీ?"

నేను బిక్కమొహం వేశాను.

"హాల్లో పద్నాలుగు టేబుళ్లున్నయి. రౌండ్‌కు పద్నాలుగు బూత్‌లు, నంబర్ వరుసల. మూడు రౌండ్లంటే ఒకటి నుంచి నలభై రెండు. అవన్నీ ఆయన సొంత మండలమే. సొంతూర్ల గూడ లీడ్ రాకుంటే పోటీ ఎందుకు చేస్తడు? ఏ ఊరి మిషిన్ విప్పిండ్రో తెల్వకుండ లీడ్ చెప్తే పొద్దుగూకేదాంక సవరణలే రాసుకోవాలె."

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. 251 బూత్‌లు, 18 రౌండ్లు. ప్రతి రౌండ్ ఎదురుగా ఊళ్ల పేర్లు. ఏవి తండాలో, ఏవి మున్సిపాలిటీ వార్డులో పెన్సిల్ గుర్తులు. పోలింగ్ రోజు ఏజెంట్లకిచ్చే ఫారం 17సీలు చూసి, ఏ ఊళ్లో ఎన్ని ఓట్లు పడ్డాయో కూడా రాసుకున్నారు. అది ఆయన ఎవరికీ ఇచ్చే వస్తువు కాదు. నా మొహం చూసి ఇచ్చారనుకుంటాను. అభ్యర్థుల జాబితా వెనకవైపు గబగబా ఎక్కించుకున్నాను.

ఆ కాగితం చేతికొచ్చాక మైకు మాటలకు అర్థం మారిపోయింది. ఏడో రౌండ్ నుంచి లీడ్ కరగడం మొదలైంది. పన్నెండులో సున్నాకొచ్చి అవతలాయన ముందుకెళ్లాడు. పదిహేను నుంచి మున్సిపాలిటీ బూత్‌లు, అక్కడ అవతలాయనకే బలం. ఈసారి డెస్క్‌కు ఫోన్ చేసి, "ఇక తగ్గేది లేదు సార్" అన్నాను. అటు నుంచి, "పొద్దున కూడా ఇదే అన్నావు కదయ్యా!"

చివరి రౌండ్ అయ్యాక కూడా ప్రకటన రాలేదు. లాటరీ తీసి ఒక బూత్ వీవీప్యాట్ స్లిప్పులు, అంటే ఓటేసినప్పుడు మిషిన్ అచ్చేసే చీటీలు, లెక్కపెట్టాలి. అప్పట్లో ఒక్కటే. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాక ఐదు చేశారు. రిటర్నింగ్ అధికారి గెలుపు పత్రం ఇచ్చేసరికి పొద్దుగూకింది. నేను గెలిపించినాయన రెండువేల చిల్లర ఓట్లతో ఓడిపోయారు. అదే రోజు ఆసిఫాబాద్‌లో తేడా 171 ఓట్లు, ధర్మపురిలో 441. అక్కడ నాలాంటి వాడు మూడో రౌండ్‌కే ఫోన్ చేసుంటే ఏమయ్యేదో!

తర్వాత నేను స్టాఫ్‌లోకి వచ్చాను, 2023లో పోలింగ్‌కు వారం ముందే నా కాగితం నేనే తయారు చేసుకున్నాను. కానీ ఆ పొద్దుటి 'విజయం దిశగా' స్క్రీన్‌షాట్ మాత్రం ఇంకా బతికే ఉంది. ఓడిపోయినాయన అనుచరుడొకడు ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని నాకు వాట్సాప్‌లో పంపుతాడు, కింద ఒక్క మాటా రాయకుండా.