శ్రీకాకుళం ఉక్కలో బటర్‌క్రీమ్ నున్నగా: నా కేకుల లాగ్

ఫిబ్రవరి

కేకు లోపలి సంగతి ఇక రాయను. స్పాంజ్ కుదిరింది. పలాస జీడిపప్పు దోరగా వేయించి, పలుకులు చేసి పొరల మధ్య చల్లితే ఇంట్లో అందరికీ నచ్చింది. మిగిలింది పైపూతే, అంటే బటర్, ఐసింగ్ షుగర్ గిలక్కొట్టి చేసే బటర్‌క్రీమ్. చుట్టూ గీతలు, అక్కడక్కడ సూదిమొన గుంటలు, పైఅంచు వంకర. బేకరీ కేకు పక్కన పెట్టి చూడకూడదని ముందే అనుకున్నాను. అక్కడ ఎక్కువగా వాడేది నాన్‌డైరీ విప్పింగ్ క్రీమ్. దాని నునుపు వేరు, బటర్‌క్రీమ్ నునుపు వేరు.

కొలత ఎప్పుడూ ఒకటే పెట్టుకున్నాను. ఆరంగుళాల గుండ్రటి కేకు, మూడు పొరలు. ఉప్పు లేని బటర్ 250 గ్రాములు, ఐసింగ్ షుగర్ 450 గ్రాములు, రెండు చెంచాల పాలు, వెనిల్లా. లోపలికీ పైకీ సరిపోయి కాస్త మిగులుతుంది. ఉప్పు బటర్‌తోనూ చేయొచ్చు కానీ ఇంత మొత్తంలో వేస్తే ఆ ఉప్పు నాలుకకు తెలిసిపోతుంది.

పంచదార మిక్సీలో ఆడి, కప్పుకు చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి ఇంట్లోనే ఐసింగ్ షుగర్ చేసి చూశాను. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగానే ఉంది. పూతని నున్నగా చేసే బద్ద, స్క్రేపర్ లాగితే మాత్రం ప్రతి పలుకూ ఒక గీత గీసింది. పల్చటి నూలు గుడ్డలో జల్లిస్తే చాలా నయం, కానీ చెయ్యి పడిపోతుంది. పొరల మధ్యకు ఇంటిది, పైపూతకు కొన్నది అని సర్దుకున్నాను.

ఇంటి వెన్న ఉండగా కొనడమెందుకని అమ్మ. ఎంత కడిగినా అందులో మజ్జిగ తడి మిగులుతుంది, గిలక్కొట్టేసరికి విరిగినట్టు అయింది. ఆ వెన్న కాచి నెయ్యి చేశాం, కథ సుఖాంతం.

మార్చి

థర్మామీటర్ కొన్నాను, గుచ్చి చూసే రకం. ఈ లాగ్ మొత్తంలో నేను చెప్పదలుచుకున్న ముక్క ఒక్కటే: నునుపు చేతిలో కంటే ముందు వేడిమిలో ఉంది. వంటల పుస్తకాల్లో బటర్‌ని ‘రూమ్ టెంపరేచర్‌’కి తెమ్మంటారు. అది చలిదేశాల గది. వాళ్ల లెక్కలో 20 డిగ్రీలు. మా వంటింట్లో మార్చి మధ్యాహ్నమే 32 దాటుతోంది. బటర్ పూర్తిగా కరిగేది 32 నుంచి 35 మధ్య. అంటే ఇక్కడ గదిలో వదిలేసిన బటర్ మెత్తబడినట్టు కాదు, సగం కరిగినట్టు. అది గాలిని పట్టుకోదు, గోడలా నిలబడదు.

ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్కలు కోసి, 18 డిగ్రీలు చూపగానే బీటర్ పెడుతున్నాను. బీటర్ రాపిడికే ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. గిన్నె కింద ఐసు నీళ్ల పళ్లెం. క్రీమ్ 24 దాటి జారుడుగా అనిపిస్తే గిన్నెతో సహా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలక్కొడితే చాలు. పారేయక్కర్లేదు. మరీ గట్టిపడి ముక్కలుగా విడిపోతే రెండు చెంచాలు విడిగా తీసి, వేడినీళ్ల మీద కరిగించి తిరిగి కలిపితే పట్టులా అవుతుంది.

సూదిమొన గుంటలకు కారణం గాలి. బీటర్ కనిష్ఠ వేగంలో పెట్టినా గాలి ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకని ఆఖర్లో బీటర్ పక్కన పెట్టి, సిలికాన్ గరిటెతో క్రీమ్‌ని గిన్నె గోడకేసి అదుముతూ ఐదు నిమిషాలు కలపాలి. టప్ టప్‌మని బుడగలు పగలడం వినిపిస్తుంది. విసుగు పనే, కానీ ఇది మానేస్తే తర్వాత ఎంత స్క్రేపర్ లాగినా లాభం లేదు.

ఏప్రిల్

మేడ మీద గదికి పుట్టీ పని జరుగుతోంది. టీ ఇవ్వడానికి వెళ్లి మేస్త్రీ చెయ్యి చూస్తూ నిలబడిపోయాను. నా ఇబ్బంది చెప్తే నవ్వాడు. కిందికి వచ్చి టర్న్‌టేబుల్ (కేకు పెట్టి తిప్పే పళ్లెం) మీదున్న కేకు చూసి, “బ్లేడు నిలువుగా గుచ్చకండమ్మా, కాస్త మీ వైపు వాల్చండి. మీ చెయ్యి కదపొద్దు, పళ్లెమే తిరుగుతాది. ముందు ఎక్కువ పెట్టండి, తర్వాత లాగేయండి” అన్నాడు. గోడకు పుట్టీ, కేకుకు క్రీమ్: పని ఒక్కటే. నేను ఉన్న కొద్ది క్రీమ్‌నే సాగదీస్తున్నాను కాబట్టి కింద స్పాంజ్ కనిపిస్తోంది.

ఇప్పటి పద్ధతి ఇదీ. మొదట పల్చటి పూత, రాలే స్పాంజ్ పొడి దానికే అతుక్కోవడానికి. అరగంట ఫ్రిజ్. తర్వాత సెంటీమీటరు మందాన మందపాటి పూత. స్క్రేపర్‌ని కేకుకు 45 డిగ్రీలు వాల్చి, అడుగంచు పళ్లేనికి ఆనించి, ఆపకుండా ఒక చుట్టు. ప్రతి చుట్టుకూ స్క్రేపర్ తుడవాలి, లేకపోతే అంటుకున్నదే మళ్లీ గీస్తుంది. గుంటలు కనపడితే అక్కడ మాత్రమే క్రీమ్ పెట్టి మళ్లీ లాగాలి. ప్లాస్టిక్ స్క్రేపర్ వంగుతోంది, స్టీలుది తీసుకున్నాను. అది లేనివాళ్లకు కొత్త స్టీలు స్కేలు కూడా పనికొస్తుంది.

పైకి లేచిన అంచుని వెంటనే ముట్టుకోకుండా పది నిమిషాలు చల్లబరిచి, చాకుతో బయటి నుంచి మధ్యకు లాగితే మూల పదునుగా వస్తుంది. చివరి చుట్టుకు స్క్రేపర్‌ని వేడినీళ్లలో ముంచి, పొడిగా తుడిచి ఒక్కసారే లాగాలి. తడి ఉంటే మచ్చలు పడతాయి.

మే

వంటింట్లో పని కాదు. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్రిజ్ కూడా నమ్మలేం. టర్న్‌టేబుల్ ఏసీ గదికి మారింది, మంచం పక్కన స్టూలు మీద. ఏసీ 22, ఫ్యాన్ ఆఫ్. ఫ్యాన్ గాలికి పైపొర ముందే ఎండి స్క్రేపర్ కింద పగులుతోంది.

స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ మొదలుపెట్టాను. తెల్లసొన 120 గ్రాములు, పంచదార 240, బటర్ 360. ఒకటి, రెండు, మూడు అని గుర్తుంటుంది. తెల్లసొనా పంచదారా వేడినీళ్ల గిన్నె మీద 71 డిగ్రీల దాకా కలుపుతూ వేడిచేసి, గట్టి నురగ వచ్చేలా కొట్టి, గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలాకే బటర్ వేయాలి. తీపి తక్కువ, పలుకు అసలుండదు, నునుపులో నేను ఇన్నాళ్లూ చేసిన ఐసింగ్ షుగర్ రకం, అమెరికన్ బటర్‌క్రీమ్, దీని దరిదాపుల్లోకి రాదు. కానీ ఎండకు ఇంకా సున్నితం. సగం బటర్ బదులు వనస్పతి వేస్తే నిలబడుతుందని పిన్ని అంది. నిజమే, నిలబడుతుంది. తిన్నాక అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. నాకు వద్దు.

జూన్

మా ఇంట్లో ఆదివారం గుడ్డు ముట్టరు, అరసవల్లి సూర్యనారాయణ స్వామి వారం. నాయనమ్మ కోసం ఎర్మిన్ బటర్‌క్రీమ్: 250 మిల్లీలీటర్ల పాలు, 200 గ్రాముల పంచదార, 40 గ్రాముల మైదా కలిపి జావలా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, గిలక్కొట్టిన 225 గ్రాముల బటర్‌లో కొద్దికొద్దిగా కలపడం. ఉండలు వస్తే వడకట్టాలి. నునుపు స్విస్‌కి దగ్గరగానే వచ్చింది. నాయనమ్మ “ఏటే, పాలకోవ పూసినావా” అని రెండో ముక్క అడిగింది.

జులై

వానలు పడ్డాక వేడి తగ్గింది, తేమ పెరిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు చెమట పట్టేస్తోంది. నున్నటి పూత మీద నీటి బొట్లు, తుడిస్తే వేలి గుర్తులు. తుడవకూడదు. అట్టపెట్టెలో మూసే ఫ్రిజ్‌లో పెట్టి, బయటికి తీశాక కూడా గంటసేపు పెట్టె తెరవకపోతే చెమట పెట్టెకే పడుతుంది. పెట్టెలో పెట్టడానికి ఇంకో కారణం, మా ఫ్రిజ్‌లో ఆవ పెట్టిన కూర వాసన. బటర్ ఏ వాసననైనా లాగేసుకుంటుంది.

చల్లగా గట్టిపడిన కేకు ఆటోలో ఆమదాలవలస దాకా చెక్కుచెదరకుండా వెళ్లింది. మెత్తగా ఉన్నప్పుడు తీసుకెళ్తే మూల వాలిపోయేది.

తర్వాత చదరపు కేకు. మూలల దగ్గర స్క్రేపర్‌ని రెండు వైపులా బయటికే లాగి, పొడుచుకొచ్చినది చల్లబడ్డాక కోసేయాలని చూస్తున్నాను. దానికి పోయిన వారం మిగిలిన స్విస్ క్రీమ్ డబ్బాలో గాలి తగలకుండా డీప్ ఫ్రీజర్‌లో ఉంది. ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చి, 20 డిగ్రీలకు వచ్చాక మళ్లీ గిలక్కొట్టాలి.