తెల్లగా మిగిలిపోయిన సీసాలు

పొద్దున ర్యాక్ అడుగు వరుస సీసాలు బయటికి తీశాను. పై వరుసల్లో కార్డిసెప్స్ మిలిటారిస్ అనే మందు పుట్టగొడుగు నారింజ రంగులో నిండుగా ఉంది. కింద మాత్రం సన్నగా, పాలిపోయి, దాదాపు తెల్లగా. కల్చర్ (విత్తనంగా వేసే శిలీంధ్రం) ఒకటే, దంపుడు బియ్యం ఒకటే, పోసిన నీళ్లూ ఒకటే. ఆ వరుస ఎల్‌ఈడీ ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. చాలా బాధేసింది.

మొదట్లో దీనికి చీకటే కావాలి. బియ్యమంతా తెల్లటి దారాలు అల్లుకున్నాకే వెలుతురు చూపించాలి. ఆ వెలుతురుకే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు తయారై నారింజ రంగు వస్తుంది. అందరూ అడిగే మందు పదార్థం కార్డిసెపిన్‌ను 1950లో మొదట ఈ జాతి నుంచే వేరుచేశారు. దాని మోతాదు కూడా వెలుతురును, వేడిని, బియ్యంలో కలిపే పోషకాలను బట్టి మారుతుంది. గది 20 డిగ్రీల దగ్గర నిలబడాలి. మే నెలలో కరెంటు పోతే ఎంత టెన్షనో చెప్పలేను.

రీషీ అనే మరో మందు పుట్టగొడుగుది ఇంకో తీరు. గాలి ఆడక కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గొడుగు విప్పదు, జింక కొమ్ముల్లా పైకి సాగుతుంది.

రంగు బాగుంటే మందు గుణమూ ఉన్నట్టేనా అని చాలామంది అడుగుతారు. కంటితో చూసి చెప్పలేం, ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే. అందుకే ఈ పాలిపోయిన సీసాలను మంచివాటితో కలపలేదు. విడిగా ఆరబెట్టి, రెండు రకాల శాంపిళ్లూ ల్యాబ్‌కు పంపుతున్నాను. కొత్త లైటు సాయంత్రమే బిగించాను.