గ్యాస్ అనుకున్న ఆరు గంటలు

గుండెపోటు మొదలయ్యాక మన దేశంలో మనిషి ఆస్పత్రి గడప తొక్కడానికి ఎంతసేపు పడుతోందో పెద్ద ఎత్తున కొలిచిన అధ్యయనం క్రియేట్. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 50 నగరాలు, 89 ఆస్పత్రులు, 20,937 మంది రోగులు. అందులో గుండెపోటు తీవ్రంగా వచ్చినవాళ్లకి, అంటే ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేచినవాళ్లకి, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆస్పత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. సగం మందికి అంతకన్నా ఎక్కువే పట్టిందన్నమాట. ఆస్పత్రిలోకి వచ్చాక రక్తపు గడ్డ కరిగించే మందు ఎక్కించడానికి పట్టింది 50 నిమిషాలు.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పోయిన సమయంలో ఎక్కువ భాగం డాక్టరు చేతికి రాకముందే పోయింది. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో అడుగడుగునా ఆస్పత్రి బోర్డే. బెలూన్ వేసేవాళ్లు, స్టెంట్ పెట్టేవాళ్లు మనకి లేక కాదు. మనవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని చదివితే రెండుచోట్ల నష్టం కనబడుతుంది: ఆస్పత్రికి రాకముందు, డిశ్చార్జి అయి వెళ్లాక. నడుమ జరిగే స్టెంట్ గురించే అందరూ మాట్లాడుకుంటారు.

ముందు ఆ ఆరు గంటల సంగతి. అవి ఎక్కువగా పోయేది 'గ్యాస్' అనే మాట దగ్గర. దానికి శరీరంలో కారణం ఉంది. గుండె కింది గోడ పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. ఆ గోడకి రక్తం ఆగితే బాధ చాలామందికి పొట్ట పైభాగంలో మంటగా, వాంతిగా, తేన్పు రానట్టుగా తెలుస్తుంది. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి అసలు నొప్పే లేకపోవచ్చు. ఆయాసం, ఒళ్లంతా చల్లటి చెమట, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. ఆడవాళ్లలో దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసం ఎక్కువగా చూస్తాం. ఇంట్లో ఈనో తాగితే కాస్త తెరిపిచ్చిందని గుండె కాదనుకోవడం పొరపాటు. గుండెపోటులోనూ నొప్పి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఈనో తాగిన సమయానికే అది కాస్త తగ్గి ఉండవచ్చు. దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడైనా కొత్తగా వచ్చిన బరువు, మంట, బిగింపు పావుగంట దాటి ఉన్నా, చెమట పట్టినా ముందు కావలసింది ఈసీజీ. మందుల షాపు కాదు.

ఇంట్లో చేయదగింది ఒకటుంది: ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగడం. నీళ్లలో కరిగే డిస్పిరిన్ అయితే ఒక మాత్ర. ఎకోస్ప్రిన్ 75 అయితే నాలుగు, అవీ బాగా నమలాలి. పేగుల్లో కరిగేలా పైన పూత ఉంటుంది కాబట్టి ఊరికే మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తపు వాంతులు అయినవాళ్లు, వీపు చీల్చినట్టు ఒక్కసారిగా నొప్పి వచ్చినవాళ్లు వేసుకోకూడదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ విషయం వేరు. ఇరుగుపొరుగు ఇచ్చినదాన్ని పెట్టేయడం మన దగ్గర మామూలైపోయింది. గుండె కుడి భాగానికి దెబ్బ తగిలినప్పుడు ఆ మాత్ర బీపీని ఒక్కసారిగా పడేస్తుంది. బీపీ చూడకుండా, ఈసీజీ తీయకుండా అది వద్దు.

తర్వాత ప్రయాణం. బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లడం, తనే కారు నడుపుకుంటూ వెళ్లడం ప్రాణం మీదకి తెస్తాయి. మొదటి గంటలో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణికిపోవడం వల్ల. అప్పుడు కావలసింది షాక్ ఇచ్చే యంత్రం, ఛాతీ నొక్కడం తెలిసిన మనిషి. 108కి ఫోన్ చేయమనేది అందుకే.

ఈసీజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇది చిన్న క్లినిక్‌లోనూ దొరికే పరీక్ష, తప్పులూ అక్కడే జరుగుతాయి. రోగి వచ్చిన 10 నిమిషాల్లో తీయాలి. మొదటి రెండు ఛాతీ తీగలు నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకి చెరోవైపు పెట్టాలి. ఎక్కువసార్లు వాటిని రెండో సందులో పెట్టేస్తారు. దాంతో లేని జబ్బు కనబడుతుంది, ఉన్నది దాగుతుంది. ఆడవాళ్లకి నాలుగో తీగ రొమ్ము కింద ఐదో సందులోనే ఉండాలి, మొహమాటానికి పైకి జరపకూడదు. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నొప్పి ఉన్నంతసేపూ 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. గుండె కింది గోడని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ గీతల్లో ఎస్‌టీ లేస్తే కుడివైపు ఛాతీ మీద కూడా తీగ పెట్టి చూడాలి, సార్బిట్రేట్ ప్రమాదం బయటపడేది అక్కడే. ఛాతీ మీది మొదటి మూడు తీగల్లో, అంటే వీ1 నుంచి వీ3 దాకా, ఎస్‌టీ కిందికి దిగితే వీపు వైపు తీగలు పెట్టాలి, వెనక గోడ గుండెపోటు అలాగే దొరుకుతుంది. గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చూపే ట్రోపోనిన్ రక్తపరీక్ష తొలి గంటల్లో మామూలుగా రావచ్చు. ఒకసారి నెగెటివ్ వస్తే చాలనుకోకుండా కొన్ని గంటల తర్వాత మళ్లీ చేయాలి. ఎస్‌టీ స్పష్టంగా లేచి ఉంటే మాత్రం ఆ రిపోర్టు కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇక చికిత్స. పుస్తకాల్లో మొదటి స్థానం ప్రైమరీ యాంజియోప్లాస్టీది, అంటే నేరుగా క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లి పూడిన రక్తనాళం తెరవడం. అయితే దానికో షరతు ఉంది: ఈసీజీలో జబ్బు పట్టుకున్న 120 నిమిషాల్లో రక్తనాళంలోని పూడికని తీగ దాటాలి. విజయవాడ బెంజి సర్కిల్ పక్కన ఉన్నవాళ్లకి అది కుదురుతుంది. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాట. అవనిగడ్డ నుంచి విజయవాడ రావాలన్నా, రేపల్లె నుంచి గుంటూరు రావాలన్నా ప్రయాణానికే గంటకి పైగా పోతుంది. ఆ తర్వాత అడ్మిషన్, డబ్బు సర్దుబాటు, టీం రావడం ఉన్నాయి. అలాంటిచోట గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇచ్చి, ఆ తర్వాత పెద్ద ఆస్పత్రికి పంపడమే సరైన పద్ధతి. నొప్పి మొదలైన తొలి రెండు మూడు గంటల్లో ఇస్తే దాని ఫలితం చాలా బాగుంటుంది, 12 గంటలు దాటితే ఇవ్వరు.

ఇది కేవలం ఊహ కాదు. పక్కనున్న తమిళనాడులో చిన్న ఆస్పత్రుల్ని పెద్ద ఆస్పత్రులతో కలిపి ఈ పద్ధతి నడిపి చూశారు. 2,420 మంది రోగుల ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాదిలో మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. మన రాష్ట్రంలోనూ 2023లో స్టెమీ (ఎస్‌టీ లేచిన గుండెపోటు) కార్యక్రమం మొదలైంది. గుంటూరు సర్వజన ఆస్పత్రి అందులో ఒక హబ్, అంటే చిన్న ఆస్పత్రులకి కేంద్రం. చుట్టుపక్కల ఆస్పత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న గుండె వైద్యులు చూసి చెబితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ టెనెక్టెప్లేస్ అక్కడే ఉచితంగా ఇస్తారు.

టెనెక్టెప్లేస్ మోతాదు బరువుని బట్టి. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, ఆపైన ప్రతి పది కిలోలకి 5 చొప్పున పెరుగుతూ 90 కిలోలకి 50, అంతకు మించదు. 75 ఏళ్లు దాటినవాళ్లకి సగం మోతాదు, లేకపోతే మెదడులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. బరువు కంటితో చూసి అంచనా వేయడం తప్పు. ఐదారు సెకన్లలో ఒకేసారి ఇచ్చేయొచ్చు. పాత స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంటలో ఎక్కించాలి, బీపీ పడిపోతుంది, ఒకసారి వాడినవాళ్లకి మళ్లీ వాడకూడదు. ఆ పాత మందుని తక్కువ చేయనక్కర్లేదు. క్రియేట్‌లో గడ్డ కరిగించే మందు అందినవాళ్లలో దాదాపు అందరికీ ఎక్కింది అదే.

ఇంజెక్షన్ ఇచ్చాక 60 నుంచి 90 నిమిషాల్లో ఇంకో ఈసీజీ తీయాలి. లేచిన ఎస్‌టీ కనీసం సగం దిగాలి. దిగకపోతే రక్తనాళం తెరుచుకోలేదు, వెంటనే యాంజియోప్లాస్టీకి పంపాలి. దిగితే కూడా 2 నుంచి 24 గంటల మధ్యలో యాంజియోగ్రామ్ చేయాలి. ఇక్కడే ఇంకో పొరపాటు. నొప్పి తగ్గింది, ఇంజెక్షన్ పనిచేసింది, ఇక ఇంటికి పోదాం అంటారు. గడ్డ కరిగినా దాని కింద పగిలిన పూడిక అలాగే ఉంటుంది. మళ్లీ మూసుకుపోవడానికి అదే చోటు.

క్రియేట్‌లో ఇంకో లెక్క నన్ను బాధపెడుతుంది. 30 రోజుల్లో మరణాలు ధనికుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. అందిన చికిత్సల్లో తేడాని లెక్కలోకి తీసుకోగానే ఆ వ్యత్యాసం మాయమైంది. పేదవాడి గుండె వేరు కాదు, అతనికి అందిన మందు వేరు.

డిశ్చార్జి తర్వాత సంగతికి వస్తే, ఆగిపోయిన మాత్రలే మొదటి శత్రువు. మూడో నెలలో 'ఇప్పుడు బాగానే ఉంది కదా' అని ఆపేస్తారు. స్టెంట్ వేసిన ఏడాదిలోపు రెండు రక్తం పలచబరిచే మందుల్లో ఒకటి డాక్టరుకి చెప్పకుండా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టర్ని అడగాలి. మందులన్నీ కలిపి ఒకే గుళికగా ఇస్తే ఏమవుతుందో భారత్, ఐరోపాల్లో 2,004 మంది మీద అంపైర్ పరీక్షలో చూశారు. క్రమంగా వేసుకున్నవాళ్లు ఒకే గుళిక వైపు 86 శాతం, విడివిడి మందుల వైపు 65 శాతం. ఇంత తేడా తెచ్చే పని ఇంకేదీ ఇంత సులువుగా ఉండదు.

రక్తం పలచబరిచే మందుల్లో ఒకటైన క్లోపిడోగ్రెల్ దగ్గర దక్షిణాసియా వాళ్ల ప్రత్యేకత ఒకటుంది. ఆ మందు కాలేయంలో ఒక ఎంజైమ్ వల్ల మారితేనే పనిచేస్తుంది. బ్రిటన్‌లోని బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాల మీద జరిగిన అధ్యయనంలో 57 శాతం మందిలో ఆ ఎంజైమ్‌ని బలహీనపరిచే జన్యువు కనీసం ఒక ప్రతి ఉంది, 13 శాతం మందిలో మార్పు దాదాపు జరగదు. మాత్ర వేసుకుంటూ ఉండగానే మళ్లీ గుండెపోటు వస్తే ఈ కోణం అడిగి తీరాలి. అదే పని చేసే టికాగ్రెలార్‌కి ఈ చిక్కు లేదు. దీనికి తోడు మన గ్యాస్ మాత్రలు: ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అదే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకి గ్యాస్ మాత్ర కావాలంటే పాంటోప్రజోల్ నయం.

కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ మరో ఉదాహరణ. అదే మోతాదుకి ఆసియా వాళ్ల రక్తంలో ఆ మందు దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే అమెరికా లేబుల్ వాళ్లకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటుంది. దక్షిణాసియా మూలాలున్న 740 మందిపై జరిగిన ఐరిస్ పరీక్షలో 10 మిల్లీగ్రాములతో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 45 శాతం, 20తో 50 శాతం తగ్గింది. గుండెపోటు వచ్చినవాళ్లు దీన్ని విని మాత్ర విరిచి వేసుకోవద్దు. 20 దగ్గరే సగం తగ్గుతోందంటే, 40 అవసరమా అని డాక్టర్ని అడగవచ్చు, అంతే.

'నా కొలెస్ట్రాల్ నార్మలే, నాకెందుకొచ్చింది' అనే ప్రశ్నకి జవాబు రిపోర్టులోనే దొరుకుతుంది. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, రక్తంలోని మరో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 260 అనుకుందాం. ట్రైగ్లిజరైడ్లని 5తో భాగిస్తే 52. 190లోంచి 34, 52 తీసేస్తే ఎల్‌డీఎల్ 104. కంగారు పెట్టే అంకె కాదు. ఇప్పుడు 190లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీయండి: 156. ఇది నాన్ హెచ్‌డీఎల్, రక్తనాళాల్ని పూడ్చే కణాలన్నిటి మొత్తం. గుండెపోటు వచ్చినవాళ్లకి 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెప్పిన లక్ష్యం ఎల్‌డీఎల్ 55 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 85 లోపు. మనలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండే పోకడ కాబట్టి రెండో అంకెని నేను ముందు చూడమంటాను. అదనపు పరీక్ష అక్కర్లేదు, ఖర్చూ లేదు.

గుండెపోటు కారణాలపై ఎన్నో దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియాలో మొదటి గుండెపోటు సగటు వయసు 53, మిగతా దేశాల్లో 58.8. రక్తమే అంత అని చాలామంది సరిపెట్టుకుంటారు. 2007లో వచ్చిన విశ్లేషణ అలా చెప్పలేదు. పొగ, షుగర్, బీపీ, పొట్ట, కొవ్వు కణాల తేడా, ఇవే కారణాలు మనకి చిన్న వయసులోనే ఎక్కువగా ఉండటం ఆ తొందరని చాలావరకు వివరించింది. గుండెజబ్బు లేనివాళ్లలో కూడా క్రమంగా వ్యాయామం చేసేవాళ్లు ఇక్కడ 6.1 శాతం, బయట 21.6 శాతం. ఇది పట్నాల జబ్బూ కాదు. గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలకి కారణాలు లెక్కగడితే 32 శాతం గుండె, రక్తనాళాలవే.

వంశం నుంచి వచ్చేది ఒకటి మాత్రం కచ్చితంగా ఉంది, రక్తంలో కొవ్వుని మోసే లైపోప్రోటీన్ ఏ అనే కణం. తిండితో, నడకతో పెద్దగా మారదు. జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. దానికోసమే విడిగా మందు ఇంకా మన చేతికి రాలేదు, అందుకని ఎల్‌డీఎల్‌ని, బీపీని, పొగని మరింత గట్టిగా పట్టుకోవడమే పని. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన మనిషి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఈ పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరి రిపోర్టులు పోల్చేముందు యూనిట్ చూడండి: ఒక ల్యాబ్ డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకొకటి లీటరుకి నానోమోల్స్‌లో. 50 మిల్లీగ్రాములంటే సుమారు 125 నానోమోల్స్. అన్న రిపోర్టులో 60, తమ్ముడి రిపోర్టులో 110 ఉంటే ఎక్కువ ఉన్నది అన్నకే కావచ్చు.