720720: కారణాంకాల అధ్యాయాన్ని నాకు నేర్పిన సంఖ్య

గ్రూప్స్, ఎస్సెస్సీ, రైల్వే పరీక్షలకు చదువుతున్న మిత్రులకు నమస్కారం. ఒక మాక్ టెస్టులో 360కి సరి కారణాంకాలు ఎన్ని అని అడిగితే, మొత్తం 24లో సగం సరి, సగం బేసి అయి ఉంటాయనుకుని 12 అని గుర్తించాను. జవాబు 18. సూత్రం కంఠస్థం వచ్చినా అది ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియదని ఆ రోజు అర్థమైంది. అందుకే బిట్ల మీద బిట్లు చేయడం ఆపి, ఒక్క పెద్ద సంఖ్యను పట్టుకుని దాని అంతు చూడాలనుకున్నాను.

నేను ఎంచుకున్నది 720720. ఇది 1 నుంచి 16 వరకు ఉన్న సంఖ్యలన్నింటి క.సా.గు. మూడంకెలు రెండుసార్లు వచ్చిన సంఖ్య ఏదైనా 1001తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 1001 అంటే 7, 11, 13ల లబ్ధం. మిగిలిన 720ని విడదీస్తే 16 × 9 × 5 వస్తుంది. అంటే ప్రధాన కారణాంకాల్లో 2 నాలుగుసార్లు, 3 రెండుసార్లు, 5, 7, 11, 13 ఒక్కొక్కసారి ఉన్నాయి. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2, అంటే 240 కారణాంకాలు.

నా పాత తప్పు ఇక్కడే విడిపోయింది. ఒక కారణాంకాన్ని తయారు చేసేటప్పుడు 2ను సున్నా నుంచి నాలుగుసార్ల వరకు, అంటే ఐదు విధాలుగా తీసుకోవచ్చు. అసలు తీసుకోకపోతేనే బేసి సంఖ్య వస్తుంది. కాబట్టి 240లో ఐదో వంతు, 48 మాత్రమే బేసి, మిగిలిన 192 సరి. 360లో 2 మూడుసార్లే ఉంది కనుక నాలుగో వంతు బేసి, 18 సరి. నోటు పుస్తకంలో ఆ ఐదు విధాలనూ ఐదు నిలువు వరుసలుగా రాసుకున్నాక మళ్లీ ఎప్పుడూ తడబడలేదు.

720720ని 144 × 5005గా రాస్తే, దాన్ని పరిపూర్ణ వర్గం చేయడానికి 5005తో గుణించాలని తెలుస్తుంది. అప్పుడు వర్గమూలం 60060. 720720 కంటే చిన్న సంఖ్య దేనికీ 240 గానీ అంతకంటే ఎక్కువ గానీ కారణాంకాలు లేవు. ఇటువంటి సంఖ్యలనే అధిక సంయుక్త సంఖ్యలంటారు; శ్రీనివాస రామానుజన్ 1915లో వీటిపై లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘ పరిశోధన వ్యాసం ప్రచురించారు. అది సిలబస్‌లో లేకపోయినా, మన బిట్ల వెనుక అంత లోతు ఉందని తెలిశాక ఈ అధ్యాయం మీద నాకు ఇష్టం పెరిగింది.

శేషాల బిట్లకూ ఇదే సంఖ్య ఆధారం. 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా 1 మిగలాలంటే, 1 తర్వాత వచ్చే మొదటి సంఖ్య 720721. 2తో భాగిస్తే 1, 3తో భాగిస్తే 2, అలా 16తో భాగిస్తే 15 మిగలాలంటే, ప్రతిచోటా శేషం భాజకం కంటే ఒకటే తక్కువ కాబట్టి, కనిష్ఠ సంఖ్య 720719.